ఫొటోరెక్: చాలాకాలం వాడాక నా మాట

ఫొటోరెక్ అంటే డిలీట్ అయినా, ఫార్మాట్ అయినా పోయిన ఫైళ్లని వెనక్కి తెచ్చే ప్రోగ్రాం. వాడిన ప్రతివాళ్లూ ముందు తిట్టేది ఫైల్ పేర్ల గురించే. తిరిగొచ్చిన ఫైళ్లలో దాదాపు అన్నిటికీ ఎఫ్ అనే అక్షరం, వెనక బోలెడు అంకెలు, అంతే. ఆ విషయంలో నాకూ కోపం పూర్తిగా పోలేదు, అయినా దీన్ని నా పెన్‌డ్రైవ్‌లోంచి తీసెయ్యడానికి చెయ్యి రాదు.

మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ మదనపల్లెలో జరిగింది, కెమెరా నాది. తిరిగి బెంగళూరులో మారతహళ్లి వచ్చాక మా బామ్మర్ది కార్డు లాప్‌టాప్‌లో పెడితే ఫార్మాట్ చెయ్యాలి అని అడిగిందట, వాడు ఓకే కొట్టేశాడు. ఎస్‌పీ రోడ్డులో ఒక షాపులో అడిగితే ఎనిమిది వేలు, రాకపోయినా సగం కట్టాలి అన్నారు, కార్డు తీసుకుని ఇంటికొచ్చేశా.

క్విక్ ఫార్మాట్‌లో చెరిగేది ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకున్న పట్టీ మాత్రమే, ఫొటోల డేటా అలాగే ఉంటుంది, మీద ఇంకేమీ రాయనంతవరకు. ఫొటోరెక్ ఆ పట్టీ జోలికే పోదు, కార్డుని సెక్టార్ల వెంట, అంటే చిన్న చిన్న ముక్కలుగా, చదువుకుంటూ పోయి జేపెగ్ ఫొటో మొదలయ్యే గుర్తు కనబడగానే దాన్ని బయటికి లాగుతుంది. పేర్లు రానిదీ అందుకే. ఏ రకం ఫైళ్లు వెతకాలో ఎంచుకునే ఫైల్ ఆప్ట్ మెనూలో ఎస్ నొక్కి అన్ని టిక్కులూ తీసేసి జేపీజీ ఒక్కటే పెట్టుకున్నా, సేవ్ చేసేది మాత్రం వేరే డిస్క్‌లోకి. నల్ల స్క్రీన్ మీద అంకె పెరుగుతూ ఉంటే అవతల ఫోన్‌లో అక్క, "ఎన్నొచ్చినాయిరా?" అని ఒకటే అడగడం.

ఫంక్షన్ ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి. నేను అస్సలు అనుకోనిది ఏంటంటే, ఎప్పుడో జాగా కోసం డిలీట్ చేసిన పాతవి కూడా వాటితో పాటే వచ్చాయి, అందులో మా అవ్వ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ఫొటోలు. ఆమె ఇప్పుడు లేదు. ఒకదాంట్లో కింద సగం బూడిదరంగు పట్టేసింది, పైన కళ్లజోడు, ముక్కుపుడక, నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. అక్కకి పంపితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ ఊపులో ఆఫీసులో అందరికీ ఏం పోయినా ఇది తెచ్చేస్తుంది అని చెప్పా, అది అంత నిజం కాదు. ఒక కొలీగ్ లాప్‌టాప్‌లో షిఫ్ట్ డిలీట్ అయిన ఫోల్డర్ కోసం రాత్రంతా నడిపితే పనికొచ్చేది ఒక్కటీ రాలేదు. అది ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచే డిస్క్, డిలీట్ కాగానే ఆ బ్లాకులు ఇక అక్కర్లేదని విండోస్ దానికి చెప్పేస్తుంది, ట్రిమ్ అంటారు, ఆ తర్వాత చదివితే మామూలుగా సున్నాలే వస్తాయి. పెద్ద వీడియోలు కూడా ముక్కలుగా సేవ్ అయ్యుంటే వస్తాయి గానీ ప్లే కావు. ఇక టీ అక్షరంతో మొదలయ్యేవి బుల్లి థంబ్‌నెయిల్స్, ముందు వాటిని పక్కన పెట్టేసి మిగతావి, ఫొటోలో దాగున్న తేదీలాంటి వివరాలు చదివే ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతో తేదీ ప్రకారం పేర్లు మార్చుకున్నా, కాస్త ఓపిక కావాలి.

నాకు ఫొటోలే ముఖ్యం, వాడేది కార్డులూ పాత హార్డ్ డిస్కులూ, పైగా ఇది ఫ్రీ, కాబట్టి నాకు సరిపోయింది. వందల ఎక్సెల్ షీట్లు పోయినవాళ్లకి మాత్రం పేర్లు లేకుండా వస్తే ఒక్కోటి తెరిచి చూసుకోవడమే పని. ఫార్మాట్ కాకుండా ఉత్త డిలీటే అయితే, దీంతో పాటే వచ్చే టెస్ట్‌డిస్క్ అనే ఇంకో ప్రోగ్రాంలో అన్‌డిలీట్ ముందు చూడమంటా, అందులో పేర్లతో సహా వచ్చే అవకాశం ఉంది.