కోర్టు రికార్డు కోసం గూగుల్‌లో పైన కనబడే సైట్లకు కార్డు నంబర్ ఇవ్వకండి: మా బావమరిది డీడబ్ల్యూఐ కథ

చదువుకునే రోజుల్లో అమెరికాలో ఎప్పుడో తాగి బండి నడిపిన కేసులో (దాన్నే డీడబ్ల్యూఐ, డీయూఐ అంటారు) పట్టుబడి, ఇప్పుడు వీసా స్టాంపింగ్‌కు ఇండియా వెళ్ళబోతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇది చదివాకే పర్సులోంచి కార్డు తీయండి. మేము రెండు సైట్లకు కలిపి దాదాపు 240 డాలర్లు సమర్పించుకున్నాం. డబ్బు పోతే పోయింది. వాళ్ళిచ్చిన కాగితం నమ్మి ఫారం నింపి ఉంటే మావాడికి అమెరికా దారే మూసుకుపోయేది.

మా బావమరిది ఎమ్మెస్ చేసింది మిస్సోరీలో, ఒక పల్లెటూరి కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). మేరీవిల్, వారెన్స్‌బర్గ్ వైపు చదువుకున్న మనవాళ్ళకు ఆ వాతావరణం చెప్పక్కర్లేదు. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు, ఒక వాల్‌మార్ట్, ఊరి నడిమధ్య పాత కోర్టు భవనం. 2017లో సెమిస్టర్ అయిపోయిన రాత్రి పార్టీ చేసుకుని, అపార్ట్‌మెంటు అర మైలే కదా అని కారెక్కాడు. వెనక లైటు ఒకటి వెలగట్లేదని ఆపారు. ఊదమంటే ఆల్కహాల్ 0.09 శాతం వచ్చింది. అక్కడ హద్దు 0.08. ఆ రాత్రి కౌంటీ జైల్లో పడుకున్నాడు. లాయర్ను పెట్టుకుని, తప్పు ఒప్పుకుంటే ఎస్ఐఎస్ ఇచ్చారు. అంటే శిక్ష వేయడం వాయిదా వేసి రెండేళ్ళు ప్రొబేషన్‌లో ఉంచుతారు, బుద్ధిగా పూర్తి చేస్తే ఆ కేసు జనానికి కనబడకుండా మూసేస్తారు. 'ఇక దీన్ని మర్చిపో' అన్నాడట లాయరు. మావాడు ఎంత బాగా మర్చిపోయాడంటే, ఇంట్లో ఒక్క కాగితం ముక్క కూడా దాచుకోలేదు.

ఇప్పుడు డల్లాస్‌లో హెచ్1బీ మీద ఉద్యోగం, ఊళ్ళో పెళ్ళి ముహూర్తం, హైదరాబాద్‌లో స్టాంపింగ్. కేసు ఎలా ముగిసిందో చూపించే కోర్టు కాగితాలు, సీలు వేసినవి తెచ్చుకోమని కంపెనీ లాయరు చెప్పింది. మావాడు చేసిన మొదటి పని, కౌంటీ పేరు కొట్టి దాని పక్కన డ్రంక్ డ్రైవింగ్ కోర్ట్ రికార్డ్స్ అని వెతకడం. పైన వచ్చిన నాలుగూ ప్రకటనలే. ఒకదాని మీద గద్ద బొమ్మ, జెండా, పేరులో కౌంటీ అనే మాట. ఎవరు చూసినా సర్కారువారిదే అనుకుంటారు.

పేరు ఇచ్చాక ఒక గీత మెల్లగా నిండుతూ పోయింది. అరెస్టు రికార్డులు వెతుకుతున్నాం, జైలు రికార్డులు వెతుకుతున్నాం, రాబోయే సమాచారం చూసి మీరు కంగారుపడొచ్చు, సిద్ధమేనా అని మధ్య మధ్య ప్రశ్నలు. పది నిమిషాల నాటకం. చివర్లో ఒక్క డాలర్, ఐదు రోజుల ట్రయల్. పీడీఎఫ్ కావాలంటే ఇంకో 3.99. ట్రయల్ తర్వాత నెలకు 29.95 పడుతుందన్న ముక్క బటన్ కింద, తెల్ల కాగితం మీద బూడిద రంగు అక్షరాల్లో ఉంది.

వచ్చిన రిపోర్టులో మావాడు అద్దెకున్న మూడు పాత ఇళ్ళ అడ్రసులున్నాయి. బంధువుల జాబితాలో మా ఆవిడ పేరు ఉంది. విజిటర్ వీసా మీద మూడు నెలలుండి వెళ్ళిన మా అత్తగారు కూడా ఉంది! నేర చరిత్ర దగ్గర మాత్రం ఏమీ లేదని రాసి ఆకుపచ్చ టిక్కు.

'బావా, క్లీన్ అని వచ్చింది. డీఎస్-160 వీసా ఫారంలో నో పెట్టేయనా?' అని వెంటనే ఫోన్.

'ఆగరా నాయనా' అని అరిచినంత పని చేశాను.

ఆ ఫారంలో అడిగేది మీ పేరు మీద రికార్డు కనబడుతోందా అని కాదు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే చెప్పమని అడుగుతుంది. అరెస్టైన రాత్రి తీసుకున్న వేలిముద్రలు ఎఫ్‌బీఐ దగ్గరుంటాయి. ఇంటర్వ్యూకు ముందు వీసా సెంటర్లో పది వేళ్ళూ పెట్టిస్తారు. అక్కడ 2017 సంగతి బయటపడుతుంది, చేతిలో ఉన్న ఫారంలో నో అని ఉంటుంది. తాగి నడిపిన కేసు ఒక్కటైతే ఎలాగోలా బయటపడొచ్చు గానీ, అబద్ధం చెప్పి వీసా తీసుకోబోయాడని తేలితే వేసే ముద్ర జీవితాంతం వదలదు. ఇంకో సంగతి, మిస్సోరీ చట్టం ఎస్ఐఎస్‌ను శిక్ష కింద లెక్కవేయకపోయినా, తప్పు ఒప్పుకుని ప్రొబేషన్ చేస్తే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్ష కిందే చూస్తుంది. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు కాదు, నూటెనిమిది చేసినా ఆ వేలిముద్రలు చెరగవు.

మరి ఆ సైటులో ఎందుకు కనబడలేదు? కారణం చాలా మామూలు. ఆ సైట్లవాళ్ళు కోర్టుకు వెళ్ళరు. ఎక్కడెక్కడివో పాత డేటా టోకుగా కొని, పేరును బట్టి అతికిస్తారు. చిన్న కౌంటీలవి ఆ మూటల్లో అరకొరగా ఉంటాయి, మూసేసిన కేసులు చాలావరకు ఉండవు. పైగా మన పేర్లు. ఇంటిపేరు ముందా వెనకా, వెంకట అన్నది మధ్య పేరా మొదటి పేరా, పాస్‌పోర్టులో ఒకలా, లైసెన్సులో ఒకలా. రాత్రి ఒంటిగంటకు టార్చిలైటు వెలుగులో పోలీసు డెప్యూటీ రాసుకున్న స్పెల్లింగు ఇంకోలా. మావాడి పేరు కోర్టు కాగితంలో చివరి నాలుగు అక్షరాలు లేకుండా ఉందని తర్వాత తెలిసింది.

ఇక రెండో మోసం. 175 డాలర్లకు 'కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తెప్పిస్తాం' అన్న ఇంకో కంపెనీ. తొమ్మిది రోజులకు పెద్ద కవరు వచ్చింది. లోపల దళసరి కాగితం, బంగారు రంగు గుండ్రటి స్టిక్కరు, వెతికాం గానీ దొరకలేదు అని వాళ్ళే రాసి వాళ్ళే చేసిన సంతకం. ఆ స్టిక్కరు మా పాప స్కూల్లో బాగా చదివావని ఇచ్చేవాటిలాగే ఉంది.

చివరికి చేసిన పని మొదటే చేసి ఉండాల్సింది. కోర్టు క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేశాం. అక్కడ మెనూలు, నంబర్లు నొక్కడాలు లేవు, రెండో రింగుకే ఒక పెద్దావిడ ఎత్తింది. పేరు, పుట్టినతేదీ విని, 'అలాంటి కేసు ఉందో లేదో నేను ఫోన్లో చెప్పలేనండీ. మీరే ఆ మనిషి అయితే స్వయంగా రండి, లేదా నోటరీ చేయించిన ఉత్తరం, ఐడీ కాపీ పంపండి' అంది. ఆ 'చెప్పలేను' అన్న మాటలోనే జవాబుంది. మూసిన కేసును బయటివాళ్ళకు చూపించరు, కానీ నిందితుడు తన కాగితాలు తాను తీసుకోవచ్చు.

బ్యాంకులో నోటరీ చేయించి, స్టాంపులంటించిన తిరుగు కవరు పెట్టి పంపాం. పన్నెండో రోజు వచ్చింది. ఆరోపణ పత్రం, తీర్పు, ప్రొబేషన్ పూర్తయిందన్న ఉత్తర్వు, ప్రతిదాని మీదా క్లర్క్ సంతకం. సీలు మీద బొటనవేలు పెట్టి రుద్దితే కాగితం ఉబ్బు తగులుతుంది. తపాలాతో సహా మొత్తం ఖర్చు పది డాలర్లు దాటలేదు.

మీరు వెతుక్కోవాల్సి వస్తే ముందు గుర్తుచేసుకోవాల్సింది, ఆ రాత్రి మిమ్మల్ని ఆపింది ఎవరని. ఊరి పోలీసైతే కేసు మునిసిపల్ కోర్టుకు వెళ్ళి ఉండొచ్చు, షెరీఫ్ (కౌంటీ పోలీసు) మనిషో హైవే పెట్రోలో అయితే సాధారణంగా కౌంటీలోని సర్క్యూట్ కోర్టు. రెండింటి రికార్డులూ ఒకేచోట ఉంటాయనుకోవద్దు. మిస్సోరీలో మూయని కేసులైతే కేస్‌నెట్ అనే కోర్టువారి సైటులో పైసా ఖర్చు లేకుండా కనబడతాయి. ఏమీ గుర్తు లేనివాళ్ళు వేలిముద్రలిచ్చి ఆ రాష్ట్ర హైవే పెట్రోల్ నుంచి తమ రికార్డు తెప్పించుకోవచ్చు, మూసినవి కూడా అందులో వస్తాయి. పేరుతో వెతికితే రావు. ఎఫ్‌బీఐ నుంచి 18 డాలర్లకు సొంత చరిత్ర తెప్పించుకోవచ్చు, కానీ కేసు ఎలా ముగిసిందో ఒక్కోసారి అందులో ఉండదు. కాబట్టి క్లర్క్ కాగితం తప్పదు.

వేరే రాష్ట్రాల సంగతి క్లుప్తంగా. విస్కాన్సిన్, అయోవా, ఇండియానాలలో కోర్టువారి ఉచిత సైట్లు రాష్ట్రమంతటికీ ఉన్నాయి. ఓక్లహోమా వాళ్ళదీ ఉంది, కాకపోతే దాని చివర డాట్ గవ్ కాక డాట్ నెట్ ఉంటుంది, చూసి దొంగ సైటు అనుకోకండి. టెక్సస్‌లో కౌంటీ కౌంటీకీ విడివిడిగా అడగాలి. సాధారణంగా మొదటిసారి డీడబ్ల్యూఐ అయితే కౌంటీ క్లర్క్, ఫెలనీ (పెద్ద నేరం) అయితే డిస్ట్రిక్ట్ క్లర్క్. పేరు కూడా ఒకటి కాదు. విస్కాన్సిన్, అయోవాలలో ఓడబ్ల్యూఐ, ఒహాయోలో ఓవీఐ అంటారు. డీయూఐ అని వెతికితే దొరకలేదని సంబరపడకండి.

అమెరికా సంబంధాలు చూసేవాళ్ళకు కూడా ఒక మాట. పెళ్ళికొడుకు పేరు ఈ సైట్లలో కొట్టి చూస్తున్నారని నాకు తెలుసు, మా పెద్దమ్మ వాళ్ళే చేశారు. రిపోర్టులో 'నేర రికార్డు ఉండే అవకాశం' అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. సంబంధం వద్దనుకునే దాకా వెళ్ళింది. తీరా చూస్తే ఇంకో రాష్ట్రంలో అదే పేరున్న ఇంకెవరికో పడిన స్పీడింగ్ టికెట్టు! ట్రాఫిక్ టికెట్లను నేరాల్లా చూపించి జనాన్ని భయపెట్టి అమ్ముకుంటున్నారనే 2023లో ఎఫ్‌టీసీ (వినియోగదారుల తరఫున చూసే అమెరికా సర్కారు సంస్థ) ఇలాంటి రెండు సైట్ల మీద కేసు పెడితే, 58 లక్షల డాలర్ల జరిమానాతో రాజీ చేసుకున్నారు. అయినా వ్యాపారం ఆగలేదు.

ఇప్పుడు మావాడు ఫారంలో యెస్ పెట్టి, కింద జరిగింది జరిగినట్టు రాశాడు. ఐదేళ్ళలోపు అరెస్టు ఒక్కటున్నా, పదేళ్ళలో రెండున్నా కాన్సులేట్ డాక్టరు దగ్గరికి పంపుతుంది. వీడిది ఒక్కటే, అదీ పాతది. అయినా పంపితే వెళ్ళడానికి వారం రోజులు చేతిలో ఉంచుకుని టికెట్టు కొన్నాం. మీ విషయంలో మాత్రం ఇమిగ్రేషన్ లాయర్ను అడగకుండా నా మాట మీద ఏదీ నింపకండి.

ఆ ఒక్క డాలర్ ట్రయల్ సంగతి ఇంకా తెగలేదు. రద్దు చేయడానికి సైటులో బటన్ లేదు, ఫోనే చేయాలి. నలభై నిమిషాలు సంగీతం వినిపించి, సగం ధరకు ఉంటారా అని మూడుసార్లు అడిగి, చివరికి రద్దు నంబర్ ఇచ్చారు. ఆ నంబర్ రాసిపెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. 14వ తేదీన మళ్ళీ 29.95 పడింది, ఈసారి స్టేట్‌మెంటులో కంపెనీ పేరు కూడా వేరు. కార్డు మార్పించి బ్యాంకులో డిస్ప్యూట్ వేశాం.