రాత్రి పూట తలుపు కొట్టేవాళ్లూ, మా కెమెరా కాలింగ్ బెల్లూ

కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇందులో తిట్లూ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో నాలుగు వేల లోపు దొరికే కెమెరా కాలింగ్ బెల్ అనుకోండి చాలు.

మాది విజయనగరం. మూడు లాంతర్ల జంక్షన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో పాత పెంకుటిల్లు, వీధి వైపు అరుగు. నాకు విశాఖలో వారానికి మూడు నైట్ డ్యూటీలు, ఆ రాత్రుళ్లు ఇంట్లో అమ్మ ఒక్కతే. ఆవిడకి వినికిడి కొంచెం తక్కువ, ధైర్యం చాలా ఎక్కువ, అర్ధరాత్రి ఎవరు తలుపు కొట్టినా ముందు గడియ తీసి ఆ తర్వాత "ఎవరూ?" అంటుంది. నా చిన్నప్పుడు వీధిలో అందరూ తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకుంటుంటే మా తలుపు మీద మాత్రం రాయనివ్వలేదు, "వచ్చినావిడకి చదువు రాకపోతేనో?" అని. అలాంటి మనిషి కోసం కొన్నది ఇది.

బిగించడం తేలిక, బ్యాటరీది కాబట్టి వైర్ల గొడవ లేదు. మా సున్నం గోడకి డ్రిల్లు పెడితే ఇసుక రాలిపోతుంటే ద్వారబంధానికే రెండు స్క్రూలు దిగేశాను. వైఫై దగ్గరే అరగంట పోయింది. రౌటర్లో రెండు పేర్లు కనిపిస్తాయి కదా, ఇది 2.4 గిగాహెర్ట్జ్ దానికే కలుస్తుంది, 5 దానికి కలవదు. ఆ ముక్క పెట్టె మీద పెద్దక్షరాల్లో వేస్తే వాళ్ల సొమ్మేం పోయింది? మందం గోడల్లోంచి 2.4 యే నయంగా వస్తుందిలెండి, అది వేరే సంగతి.

రాత్రి బొమ్మ నలుపు తెలుపుల్లో బాగానే వస్తుంది, గేటు దాకా మనిషిని ఆనవాలు పట్టొచ్చు. కానీ కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేసి తీస్తుంది కాబట్టి ఎవరైనా లెన్స్ దగ్గరికి వంగారంటే మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోతుంది. దాని ముందు సాలెగూడు కట్టిందంటే ఇక తెల్ల చీర ఆరేసినట్టే. మొదటి వారం డ్యూటీలో ఉండగా రెండున్నరకి ఫోన్ మోగింది, తెరిస్తే మెరుస్తున్న రెండు కళ్లు! గుండె జారిపోయింది. తీరా చూస్తే పక్క వీధి ఆవు, అరుగు మీది అరటి తొక్కల కోసం వచ్చింది.

సంక్రాంతి నెలలో ఒక తెల్లవారుజామున బుడబుక్కలాయన వచ్చాడు. తలపాగా, భుజాన పాత శాలువా, చేతిలో బుడబుక్క. ఇంటికి మంచి జరుగుతుందని జోస్యం చెబుతూ చెబుతూ మధ్యలో బెల్ మీది నీలం లైటు చూసి టక్కున ఆగాడు, దగ్గరికొచ్చి, దాంట్లో చూసుకుంటూ తలపాగా సర్దుకుని, మళ్లీ వెనక్కి జరిగి వదిలిన చోటి నుంచే అందుకున్నాడు. ఆ వీడియో మా చుట్టాలందరి ఫోన్లలో ఉంది.

అసలు పరీక్ష మాత్రం తొలేళ్ల రాత్రే, 2025 అక్టోబర్ 6. మంగళవారం మా ఊరి పైడితల్లమ్మ జాతర, సిరిమాను కదా, ముందు రోజు రాత్రి తొలేళ్లు, ఊరు నిద్రపోదు, పల్లెల నుంచి జనం వస్తారు, గుడి దగ్గర ఇచ్చే విత్తనాల కోసం రైతులు కాసుకుని ఉంటారు. నేనేమో విశాఖలో. 1:40కి బెల్ నొక్కారు. ఫోన్లో ఒక ముసలాయన, చంకలో చేతికర్ర, తువ్వాలు కొంగున ఏదో మూట.

"ఎవరండీ?" అన్నాను. నా మాట అక్కడికి చేరడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, దీంతో నా పెద్ద పేచీ ఇదే. ఆయన తలుపు వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు, తర్వాత బెల్‌కి దణ్ణం పెట్టాడు.

"పెద్దాయన లేరేటి బాబూ?"

మా తాతయ్య పోయి పన్నెండేళ్లు. ఆ మాట నేను చెప్పేలోపు ఆయనే, "తొలేళ్లకొచ్చినాం, మావోళ్లు తప్పిపోనారు. అప్పట్లో ఏటేటా ఈ అరుగు మీదే తొంగునేవోళ్లం" అన్నాడు. ఈలోగా "పోయారు తాతా" అన్న నా మాట అక్కడ వినపడి, తప్పిపోయిన తనవాళ్ల గురించే చెబుతున్నాననుకుని, "ఎటేపు పోనారు బాబూ?" అని ఆదుర్దాగా అడిగాడు. ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాల్సిన వస్తువుకి ఇంత ఆలస్యం పనికిరాదు.

లోపల పెట్టిన చైమ్ మోత అమ్మని లేపలేదు, ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయింది. నేను ఐదుసార్లు ఫోన్ చేస్తే లేచింది. ముందు కిటికీలోంచి చూడమని చెప్పాను, చూసిందో లేదో తెలియదు, గడియ చప్పుడు మాత్రం నాకూ వినపడింది. "మీరా! ఇన్నాళ్లూ ఏమైపోయారు?" అంది. చాప వేసింది, చెంబుతో నీళ్లిచ్చింది, తాతయ్య సంగతి తనే మెల్లగా చెప్పింది. ఆయన చాలాసేపు కర్ర మీద గడ్డం ఆన్చి కూర్చున్నాడు.

ఇక ఆ రాత్రి ఆయన పక్కకి తిరిగినప్పుడల్లా నాకు 'మీ ఇంటి ముందు మనిషి ఉన్నాడు' అని నోటిఫికేషన్. నలభై ఏడు. ఒంటి వేడి కదిలితే పట్టే సెన్సర్ కాబట్టి దాని తప్పు లేదు.

ఇంకో మాట, కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, రౌటర్ ఆగితే బెల్‌కి ఎంత బ్యాటరీ ఉన్నా మన ఫోన్‌కి ఏదీ రాదు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ కూడా కొనుక్కోండి. మెమరీ కార్డు వేస్తే నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు, అది మెచ్చుకోవాలి. చూడ్డానికి 5కి 4, మాట్లాడ్డానికి 2.

పొద్దున డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆయనవాళ్లు వెతుక్కుంటూ వచ్చి తీసుకెళ్లిపోయారు. చాప చుట్టి గోడకి ఆనించి ఉంది, దాని పక్కన గుప్పెడు విత్తనాలు. అమ్మ వాటిని తులసికోట దగ్గర చల్లేసింది. ఈ ఏడాది తొలేళ్లకి మాత్రం ఆ సెన్సర్ సెట్టింగ్ తక్కువలో పెట్టేస్తాను.