తప్పు కేలెబ్‌దా, లైన్‌దా? ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియం రివ్యూ, ఒక బేర్స్ ఫ్యాన్ వైపు నుంచి

ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ల సొంత స్ట్రీమింగ్ సబ్‌స్క్రిప్షన్. ముందే చెప్పేస్తున్నా, లైవ్ మ్యాచ్‌ల కోసమైతే ఇది కొనకండి. మీ టీమ్ క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరి ఆట నడిపేవాడు) మంచోడా కాదా అని ఫ్రెండ్స్‌తో అర్ధరాత్రి దాకా వాదించుకునే రకం అయితే, ఆ వాదనలో పొద్దున టీవీలో ఎవరో అన్న ముక్కలే మనమూ అప్పజెప్పుతున్నామని విసుగొచ్చి ఉంటే, అప్పుడు కొనండి. అది కూడా ప్రీమియం. మామూలు ప్లాన్ మనలాంటి వాళ్లకి దండగ.

నేనుండేది డాలస్ దగ్గర, టీమ్ మాత్రం చికాగో బేర్స్. ఈ దేశం వచ్చిన కొత్తలో అక్కడ ఉన్నాను, అప్పుడు అంటుకున్న జబ్బు ఇప్పటికీ వదల్లేదు. ఈ టీమ్ ఫ్యాన్స్‌కి క్వార్టర్‌బ్యాక్ అనే మాట వింటేనే ఒళ్లు మండుతుంది. 2017 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకునే తంతు, ఒక్కో వంతు ఒక పిక్) మూడో పిక్ నుంచి రెండుకి ఎగబాకి మరీ ట్రుబిస్కీ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు, తర్వాత పెద్ద స్టార్ అయిన మహోమ్స్ అదే డ్రాఫ్ట్‌లో పదో పిక్ దాకా ఉన్నాడు. 2021లో జస్టిన్ ఫీల్డ్స్ వచ్చాడు, మూడు సీజన్లయ్యాక అతన్ని ఆరో రౌండ్ పిక్‌కి స్టీలర్స్‌కి ఇచ్చేశారు. మొత్తం 32 టీముల్లో ఒక్క సీజన్లో 4,000 యార్డులు విసిరిన క్వార్టర్‌బ్యాక్ ఇంతవరకు లేని టీమ్ మాదొక్కటే. అలాంటి చోటికి 2024లో మొదటి పిక్‌గా కేలెబ్ విలియమ్స్ వచ్చాడు, ఇక గొడవలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

ధర సంగతి. 2022లో మొదలుపెట్టినప్పుడు ప్రీమియం ఏడాదికి 79.99 డాలర్లు. 2023లో రెడ్‌జోన్ (ఆదివారం మ్యాచ్‌ల్లో స్కోరు దగ్గరపడ్డ ఘట్టాలు చూపించే ఛానెల్) కూడా కలిపి నెలకి 14.99, ఏడాదికి 99.99 చేశారు. కొనే ముందు ఇప్పుడు ఎంతుందో ఒకసారి చూసుకోండి, ఇలాంటివి ఎప్పుడూ పైకే పోతాయి. లైవ్‌లో ఇచ్చేది మీ ఊరి లోకల్ మ్యాచ్, రాత్రి పూట వచ్చే నేషనల్ మ్యాచ్‌లు, అవి కూడా ఫోన్ మీదో ట్యాబ్లెట్ మీదో చూడాలి, టీవీకి పంపడం కుదరదు. డాలస్‌లో లోకల్ అంటే కౌబాయ్స్. నెల నెలా డబ్బులు కట్టి మరీ కౌబాయ్స్‌ని చూసే ఖర్మ నాకు పట్టలేదు. వేరే ఊరి టీమ్ మ్యాచ్‌లు ఆదివారం మధ్యాహ్నం లైవ్‌లో కావాలంటే సండే టికెట్ తీసుకోవాలి, అది 2023 నుంచి యూట్యూబ్ చేతిలో ఉంది, దాని రేటు వేరే లెవెల్.

మరి నేనెందుకు కట్టానంటే, ప్రీమియంలో వచ్చే ఆల్-22 కోసం. టీవీలో కెమెరా బాల్ వెంట పరిగెడుతుంది. స్నాప్ అవగానే, అంటే బాల్ ఆటలోకి రాగానే, పాస్‌లు పట్టే రిసీవర్లు ఫ్రేమ్ దాటి పోతారు, డిఫెన్స్‌లో అందరికంటే వెనకుండే సేఫ్టీలు అసలు కనిపించరు. కేలెబ్ బాల్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే "ఎవడో ఒకడికి వేసెయ్ రా బాబూ" అని మనం అరుస్తాం, ఆ ఎవడో ఒకడు ఖాళీగా ఉన్నాడో లేదో మాత్రం మనకి తెలీదు. ఆల్-22లో కెమెరా పైన ఎత్తులో ఉంటుంది, మైదానం మీదున్న 22 మందీ ఒకేసారి కనిపిస్తారు. అదే ప్లే మళ్లీ మైదానం చివరుండే ఎండ్ జోన్ వెనక నుంచి చూపిస్తారు, క్వార్టర్‌బ్యాక్‌కి ముందు నిలబడి కాపలా కాసే లైన్ ఎలా నిలబడిందో ఎలా కూలిందో అక్కడ తెలుస్తుంది. కోచ్‌లు చూసేదీ ఇలాంటి ఫిల్మే, అందుకే కోచ్ ఫిల్మ్ అనీ అంటారు. కామెంటరీ ఉండదు, గ్రాఫిక్స్ ఉండవు, మాజీ ఆటగాళ్ల పంచాయితీ ఉండదు. మా ఆవిడ అటుగా వెళ్తూ "టీవీ సౌండ్ పోయిందా?" అని అడుగుతుంటుంది.

2024 సీజన్లో కేలెబ్‌ని 68 సార్లు శాక్ చేశారు, అంటే బాల్ విసిరేలోపే పట్టి పడేశారు. ఒక సీజన్లో అంతకంటే ఎక్కువ తిన్నవాళ్లు చరిత్ర మొత్తంలో ఇద్దరే, 2002లో డేవిడ్ కార్ 76, 1986లో రాండల్ కన్నింగ్‌హామ్ 72. మా బ్యాచ్‌లో దీని మీద రెండు పార్టీలు. "లైన్ చెత్త బావా, పిల్లాణ్ణి చంపేస్తున్నారు" అని ఒకళ్లు, "లైన్ కాదురా, వీడికి బాల్ వదలడం రాదు" అని ఇంకొకళ్లు. టీవీ షోల్లోనూ ఇవే రెండు డైలాగులు, కాకపోతే అక్కడ సూట్లేసుకుని చెప్తారు.

ఎండ్ జోన్ వైపు నుంచి ఆ శాక్‌లు వరుసపెట్టి చూస్తే ఇంత తేలిగ్గా తీర్పు చెప్పేయలేం. ఒక రకం ఇలా ఉంటుంది: డిఫెన్స్ వాళ్లు ఇద్దరు లోపల క్రాస్ చేసి వస్తారు, మా లైన్ మధ్యలో ఉండే గార్డు, సెంటర్ ఇద్దరూ ఒకడి మీదకే వెళ్తారు, రెండోవాడు నడిమధ్యలోంచి తిన్నగా వచ్చేస్తాడు. కేలెబ్ ఇంకా తల పైకెత్తి చూసే టైమ్ కూడా ఉండదు. ఇందులో అతని తప్పేం లేదు. ఇంకో రకంలో లైన్ చివర నిలబడే టాకిల్ తన పని సరిగ్గానే చేస్తాడు, పక్క నుంచి వచ్చేవాణ్ణి బయటికి తోసుకుంటూ క్వార్టర్‌బ్యాక్ వెనక్కి పంపేస్తాడు. క్వార్టర్‌బ్యాక్ ఓ అడుగు ముందుకేస్తే చాలు, ఆ వచ్చేవాడు ఖాళీ జాగాలోకి పోతాడు. కేలెబ్ ముందుకి వేయకుండా ఇంకా వెనక్కి జరుగుతాడు, అంటే తనే ఎదురెళ్లి దొరికిపోతాడు. మర్నాడు స్టాట్స్‌లో మాత్రం ఈ రెండూ ఒకటే, ఒక్కొక్క శాక్. నా లెక్క అడిగితే రెండో రకం మా కేలెబ్ పార్టీ ఒప్పుకునేదానికంటే ఎక్కువే ఉన్నాయి, మొదటి రకం అవతలి పార్టీ ఒప్పుకునేదానికంటే ఎక్కువ ఉన్నాయి. ఇలా అంటే రెండు పార్టీల వాళ్లూ నన్నే తిడతారు, అది వేరే సంగతి.

2025కి టీమ్ వాళ్లు కూడా ఇదే చూసినట్టున్నారు. లైన్ మధ్యలో ముగ్గుర్నీ మార్చేశారు, చీఫ్స్ నుంచి జో థూనీ, రామ్స్ నుంచి జోనా జాక్సన్, ఫాల్కన్స్ నుంచి డ్రూ డాల్మన్. శాక్‌లు బాగా తగ్గిపోయాయి. అయితే కేలెబ్ కాళ్లు కూడా మారాయి, బాల్ తొందరగా వదలడమో, అవతల పారేయడమో నేర్చుకున్నాడు. ఫిల్మ్‌లో రెండేళ్లూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే అది స్పష్టంగా తెలుస్తుంది, నాకు పెట్టిన డబ్బు అక్కడే గిట్టుబాటైంది. ఆ సీజన్లో 3,942 యార్డులు విసిరి, 1995 నాటి ఎరిక్ క్రామర్ టీమ్ రికార్డు 3,838ని దాటాడు. 4,000కి 58 తక్కువ. మా రాత అంతే.

ఇక కోచ్ గొడవ. ఇక్కడ మాత్రం ఆల్-22 పెద్దగా పనికిరాదు, ఈ సంగతి ఎవరూ చెప్పరు. 2024 థ్యాంక్స్‌గివింగ్ రోజు లయన్స్‌తో మ్యాచ్ గుర్తుందా? 23-20తో వెనకున్నాం, ఆఖరి నిమిషంలో కేలెబ్‌ని శాక్ చేశారు, గడియారం తిరుగుతూనే ఉంది, దాన్ని ఆపడానికి చేతిలో టైమౌట్ ఉంది, మా హెడ్ కోచ్ ఎబర్‌ఫ్లస్ తీయలేదు. ఆరు సెకన్లుండగా స్నాప్, రిసీవర్ ఓడున్జే వైపు లాంగ్ పాస్, బాల్ నేలపాలు, ఆట అయిపోయింది. టైమౌట్ అలాగే మిగిలిపోయింది. మర్నాడే కోచ్‌ని పీకేశారు, సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ని తీసేయడం బేర్స్ చరిత్రలో అదే మొదటిసారి. ఆ మ్యాచ్ కోచ్ ఫిల్మ్ పెట్టి చూశాను, ఒక ప్లే విజిల్‌తో ఆగిపోతుంది, వెంటనే తర్వాతి స్నాప్ మొదలవుతుంది. ఆ మధ్యలో కరిగిపోయిన సెకన్లే కదా అసలు కథ! అది ఫిల్మ్‌లో లేదు. అలాంటిదానికి మామూలు టీవీ రీప్లేనే చూడాలి, అదీ ఇదే సబ్‌స్క్రిప్షన్‌లో మొత్తంగా వస్తుంది. ఖాళీ టైమ్ కోసేసి ముప్పావు గంటలో అయిపోయే కుదింపు మ్యాచ్ కూడా ఉంటుంది, వారం మధ్యలో నేను ఎక్కువ చూసేది అదే. కోచ్ ఫిల్మ్ మాత్రం మ్యాచ్ అయిన వెంటనే రాదు, కాస్త ఆగాలి, వాదన వేడి మీద ఉన్నప్పుడు సాక్ష్యం చేతిలో ఉండదన్నమాట.

బెన్ జాన్సన్‌ని 2025 జనవరిలో హెడ్ కోచ్‌గా తెచ్చినప్పుడు మా వాళ్లలో సగం మంది పండగ చేసుకున్నారు, మిగతా సగం "లయన్స్‌లో ఆ లైన్, ఆ రిసీవర్లు ఉంటే ఎవడైనా ఆడిస్తాడు" అన్నారు. మొదటి మ్యాచ్ వైకింగ్స్ మీద 17-6తో ముందుండి 27-24తో పోయింది. రెండోది లయన్స్ మీద, జాన్సన్ అంతకుముందు వాళ్ల ఆఫెన్స్ కోచే, 52-21తో ఓడాం. ఆ వారం టీవీ షోలు చూసినవాళ్లకి తెలుసు, జాన్సన్ తొందరపడ్డాడు, కేలెబ్ వల్ల కాదు, ఈ సీజన్ కూడా పోయినట్టే అని ఒకటే గోల. నేను ఆ మ్యాచ్ ఫిల్మ్ చూశాను. లయన్స్ క్వార్టర్‌బ్యాక్ గాఫ్ అయిదు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, అందులో మూడు వాళ్ల రిసీవర్ సెయింట్ బ్రౌన్‌కే. అసలు నిప్పంటుకున్నది మా డిఫెన్స్‌లో. చర్చ మొత్తం క్వార్టర్‌బ్యాక్ మీద, ఎందుకంటే ఆ పేరు పెడితేనే జనం ఛానెల్ మార్చకుండా కూర్చుంటారు. సీజన్ చివరికి ఏమైంది? 11 గెలుపులు, 6 ఓటములు, అంటే 11-6, డివిజన్ (నాలుగు టీముల గుంపు) మాది. ప్లేఆఫ్స్‌లో ప్యాకర్స్ మీద హాఫ్‌టైమ్‌కి 21-3తో వెనకబడి 31-27తో గెలిచాం. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన రచ్చ గురించి పక్కింటివాళ్లని అడగండి.

అందుకే సీజన్‌కి ముందు ఎవరు గెలుస్తారో చెప్పే జోస్యాల టీవీ షోలని నేను దీనికి పోటీ సరుకుగా చూస్తాను, అవి ఫ్రీ, వాటి విలువా అంతే. 2024 ఆగస్టులో ఇదే జనం, మొదటి పిక్‌గా వచ్చిన ఏ క్వార్టర్‌బ్యాక్‌కీ ఇంత మంచి సెటప్ దొరకలేదన్నారు, రిసీవర్లు డీజే మూర్ ఉన్నాడు, కీనన్ అలెన్ ఉన్నాడు, ఓడున్జే వచ్చాడు అని. చివరికి 5-12, మధ్యలో వరుసగా పది ఓటములు. మా డివిజన్లోనే ఎవరూ లెక్కచేయని వైకింగ్స్ అదే ఏడాది శామ్ డార్నల్డ్‌ని క్వార్టర్‌బ్యాక్‌గా పెట్టుకుని 14-3 చేశారు. వాషింగ్టన్ సంగతి ఇంకా తమాషా, 2024కి హెడ్ కోచ్‌గా బెన్ జాన్సన్ కోసం చూసి, అతను డెట్రాయిట్ లయన్స్‌లోనే ఉంటాననేసరికి డాన్ క్విన్‌ని తీసుకున్నారు. మిగిలిపోయినవాణ్ణి తెచ్చారని అందరూ నవ్వారు, అంతకుముందు 4-13గా ఉన్న టీమ్ 12-5తో కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, అంటే సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు కింద దాకా పోయింది. జోస్యం తప్పడం తప్పేం కాదు, ఎవరిదైనా తప్పుతుంది. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఎందుకు తప్పిందో జనవరిలో ఒక్కడూ చెప్పడు, వచ్చే ఏడాది జాబితా తీసుకుని కూర్చుంటాడు.

ఆ వాషింగ్టన్ పేరు ఎత్తాను కాబట్టి, 2024 అక్టోబర్ 27న వాళ్లతో మా మ్యాచ్‌లో ఆఖరి పాస్ కూడా ఆల్-22లో చూడొచ్చు, గుండె గట్టిదైతే. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ పన్నెండు సెకన్లకి పైగా బాల్ పట్టుకుని తిరుగుతుంటాడు, మా వాళ్లు అతని దగ్గరికే పోరు. మొదట్లో మా కార్నర్ (రిసీవర్లని కాసే డిఫెన్స్ ఆటగాడు) స్టీవెన్సన్ ప్లే మొదలైనా పట్టించుకోకుండా స్టాండ్స్‌లో జనం వైపు తిరిగి రెచ్చగొడుతూ ఉన్నాడు, ఆలస్యంగా పరిగెత్తుకొచ్చి బాల్‌ని తట్టాడు, అది వెనక నిలబడ్డ వాళ్ల రిసీవర్ నోవా బ్రౌన్ చేతుల్లో పడింది. 18-15తో ఓడాం. ఒక్కసారి చూస్తే చాలు.

దీని గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఫిల్మ్ చూడగానే మనం కోచ్‌లం అయిపోయామని ఫీలవుతాం, కాము. అసలు ఏ ప్లే పిలిచారో మనకి తెలీదు. 2025 సీజన్ చివర్లో రామ్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్, ఓవర్‌టైమ్‌లో కేలెబ్ డీజే మూర్ వైపు లోతుగా వేశాడు, రామ్స్ సేఫ్టీ కామ్ కర్ల్ పట్టుకున్నాడు, తర్వాత వాళ్ల ఫీల్డ్ గోల్, 20-17తో ఓటమి, సీజన్ అయిపోయింది. పాస్ తప్పా, మూర్ వెళ్లాల్సిన దారిలో వెళ్లలేదా? వెనక్కి తిప్పీ తిప్పీ చూశాను. బాల్ ఒకచోటికి పోయింది, మనిషి ఇంకోచోట ఉన్నాడు, అంతవరకే కనిపిస్తుంది. ఇద్దర్లో ఎవరు ప్లేని సరిగ్గా ఆడారో చెప్పాలంటే ఆ ప్లేబుక్ చేతిలో ఉండాలి. మా బ్యాచ్‌లో ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

ఫోన్‌లో కోచ్ ఫిల్మ్ చూడటం శుద్ధ దండగ, మనుషులు చీమల్లా ఉంటారు, టీవీ మీదే చూడండి, టీవీకి పంపడం కుదరదన్నది లైవ్ మ్యాచ్‌లకే. కొత్తగా ఆట నేర్చుకునేవాళ్లు ముందు దీని జోలికి పోవద్దు, కవరేజ్ అంటే ఏంటో, సేఫ్టీ ఎక్కడుంటాడో కాస్త తెలిశాకే ఇందులో మజా ఉంటుంది. ఏడాది ప్లాన్ కట్టాలా, నెలవారీనా అంటే, సెప్టెంబర్ నుంచి జనవరి దాకా చూసి వదిలేసేవాళ్లకి నెలవారీనే చవక. వేసవిలో కూర్చుని పాత మ్యాచ్‌లు తవ్వుకునే పిచ్చి ఉన్నవాళ్లకి ఏడాది ప్లాన్. నాది ఏడాదిది.