తన్నని రైఫిల్, కనిపించని నెత్తురు: .223తో జింక వేట

ఈ రైఫిల్‌లో నాకు నచ్చింది ఒక్కటే, కానీ విపరీతంగా నచ్చింది. ట్రిగ్గర్ నొక్కాక కూడా జింక స్కోప్‌లోంచి, అంటే గురి చూసే దుర్బిణిలోంచి, మాయమైపోదు. తూటా ఎక్కడ తగిలిందో, ఆ క్షణంలో జింక ఏం చేసిందో, ఎటు పరుగు తీసిందో అన్నీ నా కంటితో నేనే చూస్తాను. .223 రెమింగ్టన్ (చిన్న క్యాలిబర్, అంటే తూటా వ్యాసం అంగుళంలో నాలుగో వంతు కన్నా తక్కువ) బోల్ట్ రైఫిల్‌తో అమెరికాలోని టెక్సాస్ కొండ ప్రాంతం హిల్ కంట్రీలో తెల్లతోక జింకల్ని వేటాడుతూ చాలా సీజన్లే గడిచాయి. ఇప్పటికీ ఆ సుఖం పాతబడలేదు.

ఇండియా నుంచి చదివేవాళ్లకు ఒక మాట. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను కొట్టడం నేరం, ఈ గొడవంతా అక్కడికి పనికిరాదు. ఇక్కడిది లైసెన్సు, ట్యాగు, సీజను అన్నీ ఉన్న వేట. కొట్టినదాన్ని ఇంటిల్లిపాదీ తింటాం.

తుపాకీ బరువు, ఎన్ని తూటాలు పడతాయి, స్టాకు ఏ రంగు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నాను. నేను .223 వైపు రావడానికి కారణం భుజానికి జరిగిన ఆపరేషన్. అంతకుముందు ఇంతకన్నా పెద్ద క్యాలిబర్, .308 వాడేవాణ్ణి. పేలగానే భుజం మీద పడే దాని తన్నుకు స్కోప్ ఒక్కసారిగా ఆకాశంలోకి లేచేది. మళ్లీ కిందికి దించేసరికి అక్కడ ఊగుతున్న గడ్డి తప్ప ఏమీ ఉండేది కాదు. పైగా మనిషికి తెలియకుండానే ఒక జబ్బు పట్టుకుంటుంది: తన్ను వస్తోందని ఒళ్లు ముందే బిగుసుకుని, ట్రిగ్గర్ తెగే ముందే రైఫిల్ మూతి కాస్త కిందికి వంగుతుంది. జింకను గాయపరిచి పోగొట్టుకునే కథల్లో చాలావాటికి మూలం క్యాలిబర్ చిన్నదవడం కాదు, ఈ ఉలికిపాటే అని నా గట్టి నమ్మకం. .223లో ఆ ఉలికిపాటు ఉండదు. తూటాలు కూడా చవక కాబట్టి వేసవంతా సాధన చేయొచ్చు. సాధన అంటే బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని కాదు, వేటలో కూర్చునే తీరులోనే.

మా బావమరిదికి ఇది మొదట్నుంచీ నచ్చలేదు. "ఎలకల్ని కొట్టేదాంతో జింక మీదికి పోతావేంటి బావా?" అనేవాడు. వాడి మాటలో సగం నిజముంది. ఈ క్యాలిబర్‌కు పేరొచ్చింది ప్రెయిరీ డాగ్‌ల (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువుల) మీద, నక్కల మీద. వాటికోసం చేసే పలుచని తొడుగు తూటా జింక జబ్బకు తగిలితే పైపైనే పగిలి ముక్కలైపోతుంది. పెద్ద పుండు పడుతుంది, లోపలికి దిగదు. ఆ రకం తూటాతో జింక మీదికి వెళ్లేవాణ్ణి ఎవరూ వేటగాడు అనకూడదు. జింకకు కావలసింది లోపలి సీసం పై తొడుగుకు అతుక్కుని ఉండే బాండెడ్ రకమో, మొత్తం రాగితో చేసినదో. రెండూ 60 గ్రెయిన్ల (దాదాపు నాలుగు గ్రాముల) చుట్టుపక్కల బరువులో దొరుకుతాయి. సీసం కన్నా రాగి తేలిక కనుక అదే బరువుకు రాగి తూటా పొడుగవుతుంది. పొడుగు తూటా గాలిలో తిన్నగా పోవాలంటే బ్యారెల్ లోపలి గాడుల మెలిక బిగువుగా ఉండాలి. పాత .223 రైఫిళ్లలో మెలిక 12 అంగుళాలకు ఒక చుట్టు, నాది 8కి ఒకటి. పాతది చవగ్గా వస్తోందని కొనేముందు ఆ అంకె చూసుకోండి.

ఇక నన్ను ఆలోచనలో పడేసిన సాయంత్రం గురించి.

నవంబరు చివర్లో, పొద్దు గుంకడానికి కాస్త ముందు, ఆడ జింకలు నాలుగైదు మేతకొచ్చాయి. మాటులో నేనూ బావమరిదీ. వాటిలో పెద్దది పూర్తిగా పక్కవాటుగా తిరిగి నిలబడింది, దూరం వంద గజాలకు లోపే. ముంగాలి వెనక, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి నిలిపి నొక్కాను. అప్పుడు వాడింది బాండెడ్ తూటా. స్కోప్‌లో అంతా కనిపించింది: అనుకున్న చోటే వెంట్రుకలు చిట్లడం, జింక ముందు కాళ్లు పైకెత్తి ఒక్క గెంతు గెంతడం, తోక కాళ్ల మధ్యకు అదిమి నేలబారుగా పరిగెత్తడం. మందంతా కుడివైపు పోయింది. ఇదొక్కటే ఎడమకు తిరిగి, రెండుగా చీలిన ఒక సీడార్ చెట్టు పక్కనుంచి పొదల్లోకి దూరింది.

అరగంట ఆగి వెళ్లాం. అది నిలబడ్డ చోట నాలుగు వెంట్రుకలు. నెత్తురు లేదు. చుక్క కూడా లేదు. పొడి గడ్డి, సున్నపురాయి నేల, చేతిలో టార్చి. బావమరిది వంగి వంగి చూసి "తగల్లేదు బావా" అన్నాడు. వాడి స్థానంలో ఎవరున్నా అదే అనేవారు. గిట్టల జాడలన్నీ కుడివైపే ఉన్నాయి, మందంతా అటే పోయింది మరి. జాడనే నమ్ముకుంటే అటే వెళ్లి, రాత్రంతా ఆరోగ్యంగా ఉన్న జింకల వెనక తిరిగేవాళ్లం.

నేను చీలిన సీడార్ దగ్గరకు నడిచాను. అక్కడా ఏమీ లేదు. ఇంకో నలభై అడుగులు, ఏమీ లేదు. అప్పుడు ఒక పొద ఆకు పక్కన, నా తొడ ఎత్తులో, వేలితో రాసినట్టు చిన్న ఎర్ర గీత. అందులో సన్నని నురగ. నురగ కనిపిస్తే ఊపిరితిత్తులే, ఇక అనుమానం అక్కర్లేదు. అక్కడినుంచి కొద్ది దూరంలో, రెండు పొదల సందులో పడి ఉంది. ఆ సందులోకి టార్చి నేరుగా వేస్తే తప్ప కనిపించని చోటు.

చర్మం తీసినప్పుడు కథ మొత్తం తెలిసింది. రెండు ఊపిరితిత్తులూ గుజ్జయిపోయాయి, ఛాతీ నిండా నెత్తురే. అది పరిగెత్తింది చివరి కొన్ని సెకన్లే అయి ఉంటుంది. అంటే చంపడంలో తూటా ఏ లోటూ చేయలేదు. కానీ అవతలి పక్క చర్మం కిందే, పుట్టగొడుగులా విచ్చుకుని, ఆగిపోయింది. బయటికి రాలేదు. ఇవతల తూటా దూరిన రంధ్రం పెన్సిల్ మందమైనా లేదు. పరుగులో చర్మం జారి దాన్ని మూసేసింది, లోపలి కొవ్వు అడ్డుపడింది. నెత్తురంతా లోపలే నిండింది, నేల మీద పడడానికి దారే లేదు.

చిన్న క్యాలిబర్ గురించి వాదనలన్నీ "చస్తుందా చావదా" దగ్గరే తిరుగుతాయి. గుండె, ఊపిరితిత్తుల మీద సరైన తూటా తగిలితే చస్తుంది, అందులో నాకు సందేహం లేదు. చచ్చినదాన్ని వెతికి పట్టుకోవడం వేరే సమస్య. అవతలి పక్కన రెండో రంధ్రం పడకపోతే నేల మీద రాత ఉండదు. .308తో ఆ రంధ్రం దాదాపు ప్రతిసారీ పడేది, దాని విలువ అప్పట్లో నాకు తెలియనే లేదు. ఆ సాయంత్రం జింక దొరికిందంటే స్కోప్ కదలక, నేను చూడగలిగినందుకే. అంటే ఈ రైఫిల్ పెట్టిన చిక్కును ఈ రైఫిల్ గుణమే తీర్చింది. చూసింది ఒక్కసారి తప్పినా, అదే పొద మధ్యలో అడ్డమున్నా, తెల్లారేసరికి కొయోటీలకు (ఇక్కడి నక్కల్లాంటివాటికి) విందయ్యేది.

అందుకే తర్వాత రాగి తూటాకు మారాను. ఎక్కువసార్లు అవతలికి దాటుతోంది. ఆ రంధ్రమూ చిన్నదే, నెత్తుటి జాడ దండిగా ఉంటుందని చెప్పను. కానీ ఉంటోంది. దీనికీ ఒక షరతుంది: విచ్చుకోవాలంటే రాగికి వేగం కావాలి. కనుక 150 గజాలు దాటితే నొక్కను. ఎదురుగా వాలుగా నిలబడ్డ జింకను, జబ్బ ఎముక అడ్డమున్నదాన్ని, వదిలేస్తాను. బావమరిది అలాంటివాటిని .308తో నిశ్చింతగా కొడతాడు. మంచి కొమ్ములున్న మగ జింకలు నా ముందు వాలుగా నిలబడి, తీరిగ్గా మేసి, వెళ్లిపోయిన సాయంత్రాలున్నాయి. తన్నకపోవడం గొప్ప అని పైన రాశానే, దాని ఖరీదు ఇదే. పక్కకు తిరిగేదాకా ఆగలేనివాళ్లకు ఈ రైఫిల్ అంటగట్టకూడదు.

చట్టాల సంగతి ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. టెక్సాస్‌లో తెల్లతోక జింకకు సెంటర్‌ఫైర్ (అడుగున మధ్యలో దెబ్బ తగిలితే పేలే తూటా) ఏదైనా చెల్లుతుంది, .22 రిమ్‌ఫైర్ (అడుగు అంచు మీద దెబ్బతో పేలే చిన్న తూటా) మాత్రం చెల్లదు, అలా ఉండడమే న్యాయం. కొలరాడోలో .24కు తగ్గితే కుదరదు, పైగా వంద గజాల దగ్గర 1,000 ఫుట్ పౌండ్ల శక్తి మిగలాలి. నా తూటా రైఫిల్ మూతి దగ్గర 1,200కి కాస్త పైన మొదలై వంద గజాలకే ఆ గీత దగ్గరికి దిగిపోతుంది. వర్జీనియాలో .23 కనీసం, అంటే వెంట్రుకవాసిలో .223 బయటపడిపోతుంది. నాకు సబబుగా అనిపించేది బ్రిటన్ పద్ధతి. ఇంగ్లండ్‌లో చాలా జింకలకు .240 క్యాలిబర్, 1,700 ఫుట్ పౌండ్లు ఉండాలి, కుక్కంత ఉండే మంట్‌జాక్‌కు మాత్రం .220 చాలు. స్కాట్లండ్‌లో రో జింకకు .223 సరిపోతుంది. జంతువు ఒళ్లు చూసి గీత గీశారు. హిల్ కంట్రీ ఆడ జింకలు ఉత్తరాది రాష్ట్రాల జింకల ముందు పిల్లల్లా ఉంటాయి. నా అనుభవమంతా ఆ చిన్న ఒళ్ల మీదిదే. ఉత్తరాదిన విస్కాన్సిన్‌లో ఉండే మిత్రుడు అడిగితే ఇదే సలహా ఇవ్వలేను.

ఒకప్పుడు అడిగినవాళ్లందరికీ .223 కొనమనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ముందు భుజం గురించి అడుగుతున్నాను. భుజం బాగుంటే .243 విన్‌చెస్టర్ చూడమంటాను. 1955 నుంచి ఉన్నదే, .308 తూటాకు మందు నింపే ఇత్తడి గొట్టాన్నే మెడ సన్నం చేసి తయారుచేసింది. తన్ను .308లో సగం దగ్గర, తూటా బరువు 100 గ్రెయిన్లదాకా. తన్నేటప్పుడు స్కోప్ కాస్త కదులుతుంది గానీ జింక చూపులోంచి పూర్తిగా పోదు. నా డాక్టరు ఒప్పుకుని ఉంటే నేనూ దానికే పోయేవాణ్ణేమో. చిన్నపిల్లలకు మొదటి రైఫిల్‌గా .223 ఇవ్వొచ్చా అని చాలామంది అడుగుతారు. పక్కన పెద్దవాళ్లు కూర్చుని "ఇప్పుడు కాదు, ఆగు" అనగలిగితే ఇవ్వొచ్చు.

ఇంకొకటి. ఇక్కడి పొలాల్లో మన చుక్కల దుప్పులు కూడా తిరుగుతుంటాయి, 1930లలో ఇండియా నుంచి తెచ్చి వదిలినవాటి సంతతి. ఇక్కడ వాటిని యాక్సిస్ అంటారు, మాంసం తెల్లతోక కన్నా రుచి. ఒళ్లు పెద్దది, తగిలాక కూడా మొండిగా పరిగెత్తుతాయి. వాటి మీదికి .223 తీసుకెళ్లను. బావమరిది .308 అడిగి తెచ్చుకుని, ఒక్క తూటా పేల్చి, వారం రోజులు భుజానికి కాపడం పెట్టుకుంటాను.