ఉమ్మడి లైబ్రరీ: జార్ కాపీయా, వెర్షన్లా, ఒకే రిపోనా?

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీద నలుగురం కూర్చుని మూడు ప్రోగ్రాములు చూసుకుంటాం. ఒకటి రైసు మిల్లు బిల్లింగ్, ఒకటి పలాసలో జీడిపప్పు యూనిట్ స్టాకు లెక్క, ఇంకోటి శ్రీకాకుళంలో మందుల షాపుది. మూడూ జావాలోనే రాశాం, మావెన్‌తో (కావాల్సిన లైబ్రరీలు తెచ్చి కోడ్‌ని ప్రోగ్రాంగా కట్టే పనిముట్టు) బిల్డ్ చేస్తాం. జీఎస్టీ లెక్క, తెలుగులో బిల్లు ప్రింటు, మొత్తాన్ని అక్షరాల్లో రాయడం మూడింటికీ ఒకటే. ఈ ఉమ్మడి కోడ్‌ని ఎక్కడ ఉంచాలన్న దాని మీద మాలో మేం వాదించుకున్నంతగా ఇంక దేని మీదా వాదించుకోలేదు.

మొదట్లో ఆ కోడ్‌తో జార్ ఫైలు (కంపైలైన జావా కోడ్ మూట) తయారుచేసి, వాడే బయటి లైబ్రరీల జార్లతో పాటు మూడు ప్రాజెక్టుల లిబ్ ఫోల్డర్లలో వేసేవాళ్లం. నెట్ లేకపోయినా బిల్డ్ అయ్యేది, ఎవరికీ ఏదీ నేర్పక్కర్లేదు. 2021 డిసెంబరులో లాగ్‌లు రాయడానికి వాడే బయటి లైబ్రరీ లాగ్‌ఫోర్‌జేలో భద్రతా లోపం బయటపడినప్పుడు దీని అసలు ఖరీదు తెలిసింది. ఆ ఒక్క నెలలోనే 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 అని నాలుగు సవరణలు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ మూడు ఫోల్డర్లు వెతికి మార్చాలి. ఒకచోట ఫైలు పేరులో వెర్షన్ నంబరే లేదు, లోపల ఏముందో జార్ విప్పి చూడాల్సి వచ్చింది. ఒక్క ప్రాజెక్టే ఉన్నవాళ్లకు తప్ప ఈ దారి ఎవరికీ చెప్పను.

గిట్ సబ్‌మాడ్యూల్ (ఒక ప్రాజెక్టు కోడ్‌లో ఇంకో ప్రాజెక్టు కోడ్‌ని తగిలించే పద్ధతి) రెండు వారాలు వాడాం. అది ఒక కమిట్‌ని, అంటే గిట్‌లో దాచిన ఒకానొక మార్పుని, పట్టుకుని ఉంటుంది, దాన్ని ముందుకు జరపడం ఎవరో ఒకరు మర్చిపోతారు. వదిలేశాం.

తర్వాత అందరూ మెచ్చుకునే పద్ధతికి వచ్చాం. ఉమ్మడి లైబ్రరీకి 1.4, 1.5 అని వెర్షన్లు వేసి ఆఫీసులో లైబ్రరీలు దాచుకునే నెక్సస్ సర్వర్‌లో పెట్టడం, ఎవరికి కావాల్సిన వెర్షన్ వాళ్లు తమ పామ్ ఫైల్లో (ప్రాజెక్టుకి ఏ లైబ్రరీలు కావాలో మావెన్‌కి చెప్పే ఫైలు) రాసుకోవడం. దీనిలో నిజమైన సుఖం ఉంది. ధాన్యం సీజన్‌లో మిల్లువాళ్లు ప్రోగ్రాం ముట్టుకోనివ్వరు. వాళ్లు పాత వెర్షన్ మీద నిశ్చింతగా ఉంటారు, మనం మందుల షాపు పని చేసుకోవచ్చు.

2025 సెప్టెంబరు 22న, నవరాత్రులు మొదలైన రోజే, కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చాయి. చాలా మందులు 12 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. రేట్లు కోడ్‌లో కాకుండా తేదీలతో టేబుల్లో పెట్టుకున్నాం కనుక అమ్మకం బిల్లులు ఆ ఉదయం నుంచే సరిగ్గా వచ్చాయి. (ఇంకా రేటును కోడ్‌లోనే రాసేవాళ్లుంటే ఈరోజే మార్చేయండి.) చిక్కంతా వాపసు బిల్లుతో వచ్చింది. 22కి ముందు అమ్మిన మందు వెనక్కి వస్తే పాత రేటుతోనే లెక్క కట్టాలి. అందుకని బిల్లు తేదీని కూడా తీసుకునే కొత్త మెథడ్ ఒకటి ఉమ్మడి లైబ్రరీ 1.6లో రాశాం. బిల్లు ప్రింటు కోసం వేరుగా ఉన్న మా ప్రింటింగ్ లైబ్రరీ దాన్ని వాడుకుంది. మందుల షాపు పామ్‌లో మాత్రం 1.4 అని రాసింది అలాగే ఉండిపోయింది.

ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు తగిలితే మావెన్ పెద్ద నంబరు చూడదు, ఏ లైబ్రరీ దేని మీద ఆధారపడిందో చూపే డిపెండెన్సీ చెట్టులో మనకు దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. పామ్‌లో నేరుగా రాసిన 1.4 ఒక మెట్టు దూరం, ప్రింటింగ్ ద్వారా వచ్చే 1.6 రెండు మెట్లు. 1.4 నెగ్గింది. ప్రింటింగ్ లైబ్రరీ ముందే 1.6తో కంపైలై ఉంది కాబట్టి బిల్డ్ ఏ తప్పూ చూపకుండా అయిపోయింది. పగలంతా అమ్మకాలు బాగానే సాగాయి. రాత్రి ఎనిమిదింటికి మొదటి వాపసు వచ్చింది, స్క్రీన్ మీద నో సచ్ మెథడ్ ఎర్రర్, అంటే పిలిచిన మెథడ్ 1.4లో లేదని. షాపాయన ఫోన్ చేశారు: "ఏటి బాబూ ఇది? వాపసు కొడితే ఆగిపోతంది. షాపు నిండా జనం." ఆ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది. ఆ డిపెండెన్సీ చెట్టుని మావెన్‌లో వెర్బోస్‌తో, అంటే పూర్తి వివరాలతో, చూస్తే 1.6 పక్కన ఘర్షణ వల్ల వదిలేశానన్న మాట కనబడింది. మావెన్ లాంటి ఇంకో పనిముట్టు గ్రేడిల్ అయితే మామూలుగా పెద్ద వెర్షన్‌నే తీసుకుంటుంది, ఈ తప్పు జరిగేది కాదు. కానీ పాత మెథడ్‌ని తీసేసిన కొత్త వెర్షన్ వస్తే అక్కడా ఇదే గతి.

వెర్షన్ల పద్ధతిలో ఉండదలిస్తే మావెన్ ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో డిపెండెన్సీ కన్వర్జెన్స్ నియమం తప్పక పెట్టుకోండి. వెర్షన్లు కలవకపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది, షాపులో కాదు.

మేం మాత్రం ఆ వారమే అన్నీ ఒకే రిపోలోకి (గిట్‌లో కోడ్ ఉండే చోటు) తెచ్చేశాం. పేరెంట్ పామ్ ఒకటి, దాని కింద ఉమ్మడి లైబ్రరీ, ప్రింటింగ్, మూడు ప్రోగ్రాములూ మాడ్యూళ్లు. బయటి లైబ్రరీల వెర్షన్లన్నీ పేరెంట్‌లోని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో ఒక్కచోటే ఉంటాయి. ఇప్పుడు మెథడ్ మారిస్తే దాన్ని పిలిచే ప్రతిచోటా కంపైలరే వేలు పెట్టి చూపిస్తుంది, అన్నీ ఒకే కమిట్‌లో సరిచేస్తాం. మిల్లుకి ఇచ్చిన ప్రతి రిలీజ్‌కీ ట్యాగ్ వేస్తాం. సీజన్‌లో ఏదైనా సవరణ అవసరమైతే ఆ ట్యాగ్ నుంచే బ్రాంచ్ తీస్తాం.

నలుగురైదుగురు ఒకే గదిలో కూర్చుని పనిచేసేచోట ఒకే రిపోయే మేలని నా గట్టి నమ్మకం. మీ లైబ్రరీని మీకు తెలియని వేరే టీమ్ కూడా వాడుతుంటే వాళ్ల కోడ్‌ని మీరు సరిచేయలేరు, అప్పుడు వెర్షన్లే దిక్కు.

ఒకే రిపోలో ఒక బరువు అయితే ఉంది. పలాస యూనిట్‌లోని కంప్యూటర్ ఇంకా జావా 8 మీదే నడుస్తోంది, మిగతా రెండూ 17 మీద. దానికోసం ఉమ్మడి మాడ్యూల్‌ని కూడా 8కే కంపైల్ చేయాల్సి వస్తోంది, జావాలో తర్వాత వచ్చిన రికార్డు క్లాసుల్లాంటి సదుపాయాలు అందులో వాడలేం. సంక్రాంతికి ఆ కంప్యూటర్ మారుస్తామన్నారు. అప్పటిదాకా ఆ పామ్‌లో రిలీజ్ 8 అన్న లైను ఎవరూ ముట్టుకోకూడదని దాని పైన తెలుగులోనే కామెంట్ రాసి పెట్టాం.