లైసెన్సుతో సహా ఫుడ్ ట్రక్ అమ్ముతాం అనేవాళ్ళతో జాగ్రత్త (గుంటూరు, విజయవాడ వాళ్ళు తప్పకుండా చదవండి)

సెకండ్ హ్యాండ్ ఫుడ్ ట్రక్ కొందామని ఎవరన్నా అనుకుంటుంటే అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. విజయవాడలో ఇలాంటి బండ్లు అమ్మే ఒకతని గురించే చెప్తున్నా. వీడియోలు పెడతాడు కదా, బండి చుట్టూ తిరుగుతా "లైసెన్సుతో సహా, స్పాట్‌తో సహా, రేపు పొద్దున్నే పొయ్యి వెలిగించుకోవచ్చు" అంటాడు, అతనే. పేరు రాయను, ఆ వీడియోలు చూసేవాళ్ళకి తెలుసు.

మాది గుంటూరు. నేనూ మా తోడికోడలూ కలిసి టిఫిన్ బండి పెడదామనుకున్నాం. మా మరిదికి మిల్లులో పని పోయింది, మా ఆయన జీతం పిల్లల ఫీజులకే చాలట్లేదు, అదంతా ఇప్పుడెందుకులెండి. చీటీ ఎత్తిన డబ్బులు మూడు లక్షలు, మా అత్తగారి గాజులు కుదవపెట్టి లక్షా ఎనభై, మొత్తం 4,80,000 కట్టాం. బండికి 4,20,000, స్పాట్‌కి 60,000. అవును, రోడ్డు పక్కన జాగాకి అరవై వేలు ఇచ్చాం, ఒక తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని. ఆషాఢం పోనిచ్చి శ్రావణంలో బండి తెచ్చుకున్నాం, వరలక్ష్మీ వ్రతం మర్నాడు మొదలుపెట్టాం. పెసరట్టు ఉప్మా, పునుగులు, ఆదివారం గారెలు. బాగానే నడిచింది. మా తోడికోడలు చేసే అల్లం పచ్చడి కోసమే రోజూ వచ్చే మాస్టారు ఒకాయన ఉండేవారు, పార్సిల్‌లో పచ్చడి ఇంకో ప్యాకెట్టు వెయ్యమ్మా అనేవారు.

వినాయక చవితి ముందు రోజు పొద్దున ఎనిమిదిన్నరకి ఇద్దరొచ్చారు. ఒకాయన ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు, రెండో ఆయన కార్పొరేషన్ శానిటరీ ఇన్‌స్పెక్టరు. నాకేం భయం వెయ్యలేదు, అన్నీ ఉన్నాయిగా అన్న ధైర్యం. ఆఫీసరు ముందు నూనె మూకుడు దగ్గరికెళ్ళి ఒక మీటరు ముంచి చూశాడు. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అని ఏవో పెరుగుతాయంట, 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు, మాది 14 వచ్చింది. "నూనె బాగా మారుస్తున్నారమ్మా" అన్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో. ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా లేదు.

"రిజిస్ట్రేషన్ ఏదమ్మా" అన్నాడు. బండి ముందువైపు అద్దం పక్కన ఉన్న స్టిక్కరు చూపించా. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తినే వస్తువుల భద్రత చూసే కేంద్ర సంస్థ) బొమ్మ, కింద 14 అంకెల నంబరు. నేను రోజూ పొద్దున తడిగుడ్డతో అది తుడిచేదాన్ని, మన బండి రూలు ప్రకారం ఉందని కనపడాలని. ఆయన ఆ నంబరు ఫోన్లో కొట్టి, కాసేపు చూసి, "గోదావరి జిల్లాలో మీకు స్వీట్ షాపు ఉందా అమ్మా?" అన్నాడు.

లేదండీ అన్నా. ఫోను నా వైపు తిప్పాడు. ఎవరిదో పేరు, ఏదో ఊరు, మిఠాయి దుకాణం. దాని గడువు కూడా 2022లోనే అయిపోయింది. ఆ నంబరులో మొదటి అంకె 2 ఉంటే రిజిస్ట్రేషన్, 1 ఉంటే లైసెన్సు, నాలుగు అయిదు అంకెలు ఇచ్చిన సంవత్సరం అని ఆయనే చెప్పాడు. మా స్టిక్కరు మీద ఆ చోట 21 అని ఉంది. పద్దెనిమిది రోజులు చేత్తో తుడిచాను దాన్ని, ఒక్కరోజు కూడా ఏముందో చదవలేదు.

ప్లేట్లు పట్టుకుని తింటున్నవాళ్ళు అందరూ మా వైపే చూస్తున్నారు. ఏం చెయ్యాలో తెలీక అక్కడే, ఆయన ముందే స్పీకర్ పెట్టి అమ్మినతనికి ఫోన్ చేశా. రెండుసార్లు కట్ చేశాడు. మూడోసారి ఎత్తి "ఏందమ్మా పొద్దున్నే" అన్నాడు. విషయం చెప్పా. అతనన్న మాట అన్నట్టే రాస్తున్నా:

"లైసెన్సంటే స్టిక్కరేగా, అతికించి ఇచ్చాగా. ఇంకేం కావాలి మీకు?"

ఇది వేరేవాళ్ళ నంబరండీ, ఆఫీసరుగారు ఇక్కడే ఉన్నారు అన్నా. దానికి అతను "ఇంట్లో మగవాళ్ళు ఎవరూ లేరా, ఉంటే వాళ్ళకివ్వు ఫోను, వ్యాపారం తెలీనివాళ్ళతో నేను మాట్లాడను" అని పెట్టేశాడు. బేరం ఆడేటప్పుడు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది నేనే, అప్పుడు "అక్కా, టీ తాగండక్కా" అన్నది ఇతనే. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో తిరుగుతోంది. డబ్బు పోయినదానికంటే పదిమంది ముందు ఆ మాట అనిపించుకున్నదే రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వట్లేదు.

తర్వాత ఆఫీసరు సింకు కింద ఉన్న వాటర్ ట్యాంకు మూత తియ్యమన్నాడు. కొనేటప్పుడు "ఫుడ్ గ్రేడ్ ట్యాంకు, క్లీన్ చేయించి ఇచ్చా" అన్నాడు అమ్మినతను, మేం మూత తీసి చూడలేదు, నీళ్ళు పోసే గొట్టం పైనుంచి ఉంది కాబట్టి తియ్యాల్సిన పనే పడలేదు. నాలుగు స్క్రూలు ఊడదీసి టార్చ్ వేస్తే లోపల గోడల నిండా పచ్చగా పాకుడు, అడుగున వేలు మందాన మడ్డి. వంటకీ తాగడానికీ మేం బబుల్ టిన్ను నీళ్ళే వాడాం, కానీ ప్లేట్లు కడిగింది ఆ ట్యాంకు నీళ్ళతోనే, కొత్తిమీర కడిగింది కూడా దాంతోనే. గుంటూరు వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, 2018 మార్చిలో ఆనందపేటలో తాగునీళ్ళలో మురుగు కలిసి ఎంతమంది వాంతులు విరేచనాలతో జీజీహెచ్‌లో (గుంటూరు పెద్దాసుపత్రిలో) చేరారో, ఎన్ని ప్రాణాలు పోయాయో. మా పెద్దమ్మ వాళ్ళది ఆ పక్క వీధే. అవన్నీ చూసిన నేను ట్యాంకు మూత తియ్యకుండా వ్యాపారం మొదలుపెట్టాను. ఆ మాస్టారికి, స్కూలుకి పోతూ పునుగులు కట్టించుకునే పిల్లలకి ఏమన్నా అయ్యుంటే? దేవుడి దయవల్ల ఎవరికీ ఏం కాలేదు. ఈ తప్పు మాత్రం నాదే, అమ్మినవాడి మీదకి తొయ్యను.

కౌంటరు ఎస్‌ఎస్ 304 స్టీలు, అంటే తుప్పు పట్టని మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు అని చెప్పాడు అమ్మినతను, దానికే నలభై వేలు ఎక్కువ పడింది అన్నాడు. ఆ సాయంత్రం మా చిన్నోడి సైన్సు కిట్‌లో అయస్కాంతం తెచ్చి పెడితే టక్కున అతుక్కుంది. 304 రేకుకి అయస్కాంతం అలా పట్టుకోదు. మూలల్లో సీలు గీకితే కింద తుప్పు, పైన వెండిరంగు వేసేశారు. వండేది, తరిగేది పెట్టే చోట తుప్పు రాని రేకు ఉండాలని రూల్సులోనే ఉంది.

మర్నాడు చవితి, ఇంట్లో పత్రి తెచ్చారు, వినాయకుణ్ణి పెట్టారు, నేను ఆ బండి దగ్గరే కూర్చున్నా. స్టిక్కరు ఒక మూల గోరుతో లేపితే కింద ఇంకో స్టిక్కరు ఉంది. దాని మీద ఇంకో నంబరు. అంటే మాకంటే ముందు కూడా ఈ బండి ఎవరికో ఇట్లాగే అమ్మాడన్నమాట, నంబరు మార్చి. వాళ్ళెవరో, వాళ్ళేమయ్యారో.

ఆఫీసరుగారు అరవలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. బండి ఆపేయండి, ట్యాంకు మార్చండి, మీ పేరు మీద అప్లై చేసుకోండి అన్నాడు. అశుభ్రంగా వండి అమ్మితే లక్ష రూపాయల దాకా పెనాల్టీ వేసే అధికారం ఉందమ్మా, ఈసారికి నోటీసుతో వదులుతున్నా అన్నాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఈ రిజిస్ట్రేషన్ అనేది బండితో పాటు రాదు. ఎవరు వ్యాపారం చేస్తారో వాళ్ళ పేరు మీద ఇస్తారు, అమ్ముకోవడానికీ కొనుక్కోవడానికీ ఉండదు. ఆ మనిషి చనిపోతే మాత్రం వారసులు 90 రోజులు దాని మీద నడుపుకోవచ్చు, ఆలోపు వాళ్ళ పేరుకి మార్చుకోవాలి, అంతే. మనలాంటి చిన్న బండ్లు, ఏడాదికి అమ్మకం తక్కువ ఉన్నవాళ్ళు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళ ఫాస్కాస్ అనే సైట్లో ఫారం ఏ నింపి, ఫొటో, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు పెట్టాలి. ఫీజు ఎంతో తెలుసా? ఏడాదికి 100 రూపాయలు. ఏడు రోజుల్లో ఇస్తారు, లేదా వచ్చి చూస్తాం అని చెప్తారు. వంద రూపాయల పని. దానికి "లైసెన్సు ఉన్న బండి" అని అరవై డెబ్బై వేలు ఎక్కువ తీసుకున్నాడు, నేను ఇచ్చాను. ఎవర్నన్నా ఒక్కమాట అడిగి ఉంటే అయిపోయేది, మా వీధి చివర టీ కొట్టు అతనికి కూడా ఉంది ఆ కాగితం, అడగలేదు.

స్పాట్ సంగతి ఇంకా ఘోరం. తెల్లకాగితం చూపిస్తే శానిటరీ ఇన్‌స్పెక్టరు "రోడ్డు మార్జిన్ అమ్మడానికి అతనెవరమ్మా" అన్నాడు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, దాని ప్రకారం ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్ తీసుకున్నవాడు ఇంకొకళ్ళకి ఇవ్వనని రాసిచ్చి తీసుకుంటాడు, అద్దెకి కూడా ఇవ్వకూడదు. ఇతనికి అసలు ఆ సర్టిఫికెట్టే లేదు. మేం అరవై వేలు ఇచ్చింది ఉత్త గాలికి.

ఆర్సీ కూడా ఇప్పుడు తీసి చూస్తే గూడ్స్ బండి అనే ఉంది, పైన కట్టిన కిచెన్ బాడీ ఆర్టీఓ దగ్గర ఎక్కించనే లేదు. రేపు ఏదన్నా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్ళు ఏమంటారో మీరే ఆలోచించండి. లోపల పెట్టిచ్చిన సిలిండరు ఇళ్ళల్లో వాడే 14.2 కిలోలది, వ్యాపారానికి కమర్షియల్‌దే వాడాలి. ఇది మాకు ముందే తెలిసి మొదటి రోజే మార్చుకున్నాం, అదొక్కటే మేం సరిగ్గా చేసింది.

శుక్రవారం నేనూ మా మరిదీ బస్సెక్కి విజయవాడ ఆటోనగర్‌లో అమ్మినతని షెడ్డుకి వెళ్ళాం. షెడ్డు తాళం. పక్కవాళ్ళని అడిగితే ఇప్పుడే టిఫిన్‌కి వెళ్ళాడు అన్నారు, మధ్యాహ్నం రెండింటిదాకా ఎండలో నిలబడ్డాం, రాలేదు. గేటు సందులోంచి చూస్తే లోపల ఇంకో బండికి ఎర్రరంగు వేస్తున్నారు, దాని అద్దం పక్కన అప్పుడే స్టిక్కరు అతికించేశారు. దూరం నుంచి నంబరు కనపళ్ళేదు. ఆ ఎర్రబండి ఎవరు కొనబోతున్నారో తెలీదు, వాళ్ళ కోసమే ఈ పోస్టు పెడుతున్నా.

కొనేముందు బండి మీద నంబరు ఫాస్కాస్‌లో ఎఫ్‌బీఓ సెర్చ్ (ఆహార వ్యాపారుల వివరాలు వెతికే చోటు) లో కొట్టి చూడండి, ఎవరి పేరు వస్తుందో, గడువు ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. అమ్మేవాడి పేరు వచ్చినా అది మీకు పనికిరాదు, మీది మీరు తీసుకోవాల్సిందే, దానికి డబ్బులు అడిగితే ఇవ్వకండి. ఆర్సీలో బాడీ ఎక్కిందో లేదో చూడండి. ట్యాంకు మూత తీయించండి, జేబులో ఒక అయస్కాంతం పెట్టుకెళ్ళండి. స్పాట్ అమ్ముతాం అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

లాయరుగారిని కలిశాం. బతుకుదెరువు కోసం సొంతంగా నడుపుకునే బండి కాబట్టి 2019 వినియోగదారుల చట్టం కిందకి వస్తుంది, కొన్న విలువ 5 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా కట్టక్కర్లేదు అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంటు రాయించాం. పోలీసు కంప్లైంటు సోమవారం ఇస్తాం. ఆ పాత స్టిక్కరు, కింద దొరికిన స్టిక్కరు, తెల్లకాగితం మూడూ ప్లాస్టిక్ కవర్లో దాచాను.

ఇతని దగ్గర గత రెండేళ్ళలో బండి కొన్నవాళ్ళు ఉంటే, ముఖ్యంగా స్పాట్‌కి విడిగా డబ్బులిచ్చి తెల్లకాగితం రాయించుకున్నవాళ్ళు, దయచేసి నాకు మెసేజ్ పెట్టండి. మా బండి లేత పసుపు రంగు, వెనక తలుపు మీద నెమలి బొమ్మ గీకేసిన గుర్తు ఉంది. అది ఇంతకుముందు మీ బండి అయితే మరీ ముఖ్యంగా, మీతో మాట్లాడాలి.