కాపర్ టేప్ టార్గెట్: బల్ల మీది లేజర్ ఎక్స్‌రే సోర్స్‌కి పనికొస్తుందా?

800 నానోమీటర్ల ఫెమ్టోసెకండ్ లేజర్ (సెకనును వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఫెమ్టోసెకండ్), సెకనుకు 1000 పల్సులు, పల్సుకు 3 మిల్లీజూళ్లు. ఇంత ఉన్న ల్యాబ్‌కి, ఎక్స్‌రేలు పుట్టించడానికి లేజర్ కొట్టే టార్గెట్‌గా మా ఓటు కాపర్ టేప్‌కే. 50 ఫెమ్టోసెకండ్ల పల్సును 10 మైక్రాన్ల చుక్కగా ఫోకస్ చేస్తే తీవ్రత చదరపు సెంటీమీటరుకు 10¹⁶ వాట్లు దాటుతుంది. ఆ తీవ్రతకి టేప్ పైపొర ప్లాస్మాగా, అంటే విడివడిన ఎలక్ట్రాన్లు, అయాన్ల వాయువుగా మారుతుంది. అందులో వేడెక్కిన ఎలక్ట్రాన్లు వెనకున్న రాగిలోకి దూసుకుపోయి 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న కె-ఆల్ఫా ఎక్స్‌రేలు (రాగి పరమాణువులు విడుదల చేసే ప్రత్యేక ఎక్స్‌రేలు) పుట్టిస్తాయి. టేప్ 10-20 మైక్రాన్ల మందమే కాబట్టి ఎలక్ట్రాన్లు లోపల ఎక్కువసేపు తిరగవు. ఎక్స్‌రే పల్సు కొన్ని వందల ఫెమ్టోసెకండ్లకు మించదు. దిమ్మ రాగి కంటే టేప్ మెరుగనడానికి అసలు కారణం ఇదే.

ప్రతి పల్సూ టేప్‌కి చిల్లు పెడుతుంది. చిల్లుకీ చిల్లుకీ 0.1 మి.మీ. ఎడం కావాలంటే టేప్ సెకనుకు 10 సెం.మీ. నడవాలి. 100 మీటర్ల చుట్ట 17 నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు 0.25 మి.మీ. పక్కకు జరిపి వెనక్కి తిప్పాలి. 8 మి.మీ. వెడల్పు వాడుకోగలిగితే 32 వరుసలు, అంటే దాదాపు 9 గంటల పని. తిరిగే దిశ మారేటప్పుడు షట్టర్ మూయకపోతే ఒకే చిల్లులో పల్సులు పడి టేప్ తెగుతుంది.

ఎక్కువగా ఏడిపించేది వణుకు. ఈ ఫోకస్‌కి రేలీ దూరం, అంటే లేజర్ చుక్క పెద్దగా విప్పారకుండా ఉండే దూరం, 100 మైక్రాన్లే. టేప్ 30 మైక్రాన్లు ఊగినా ఎక్స్‌రేల సంఖ్య పల్సు పల్సుకీ మారిపోతుంది. ఫోకస్ దగ్గర టేప్‌ని గుండ్రటి రాడ్ల మీదుగా బిగువుగా లాగే డిజైన్ ఉంటేనే కొనండి. మోటారు వేగం కన్నా ఆ బిగువు ముఖ్యం.

రెండోది రాగి ఆవిరి. లెన్స్ మీద పేరుకుంటే తీవ్రత గంటల్లోనే పడిపోతుంది. లెన్స్ ముందు నెమ్మదిగా కదిలే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ తప్పనిసరి.

కె-ఆల్ఫాతో పాటు వచ్చే, కాస్త ఎక్కువ శక్తి ఉన్న కె-బీటా ఎక్స్‌రేలని తగ్గించడానికి 15-20 మైక్రాన్ల నికెల్ రేకు చాలు. షీల్డింగ్ మాత్రం 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకే లెక్కేయకండి. వేడి ఎలక్ట్రాన్ల వల్ల అంతకంటే చాలా ఎక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేలూ వస్తాయి, సీసం పెట్టాల్సిందే.

హైదరాబాద్ టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్)లో వాడిన, టేప్ బదులు మిథనాల్ బిందువులను లేజర్‌తో కొట్టే పద్ధతికి టేప్ మార్చే బాధ లేదు, పైగా టేప్ కంటే ఎక్కువ వేడి ఉన్న ఎలక్ట్రాన్లొస్తాయి. ఇమేజింగ్‌కి అది బాగుంటుంది. స్ఫటికాల డిఫ్రాక్షన్‌కి (ఎక్స్‌రేలు చెదిరే తీరును బట్టి స్ఫటికంలో పరమాణువుల అమరిక తెలుసుకోవడానికి) మాత్రం ఒకే శక్తి దగ్గర పదునైన గీత కావాలి కాబట్టి కాపర్ టేపే తీసుకోండి.